జొన్నరొట్టెయు మేని చర్మమును
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నన్ను నేడు ఆరోగ్యమును గూర్చి మాట్లాడుమనిరి. నేను వైద్యుడను కాను. ప్రచార శాఖలో ఉద్యోగిని. వైద్యులు చెప్పినది విని, పుస్తకములలో చదివినది చదివి, పదిమందికి బోధపడునట్లు చెప్పుట నా వృత్తి. కావున మీకు మందుల మోతాదులు చెప్పను. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతములలో తినెడి తిండికిని, త్రాగెడి నీటికిని, మేని చర్మమునకును గల సంబంధమును మాత్రము మనవి చేసెదను. చర్మ సంరక్షణమనగానే సబ్బు, నూనె, లేపనము మనకు జ్ఞప్తికి వచ్చును. మన ప్రాంతమున చర్మము కథ జొన్నలు వండిన కుండలో మొదలైనది.

కొన్ని ఏండ్ల క్రిందట ఉద్యోగరీత్యా దేవరకొండ వైపు ఒక గ్రామమునకు పోయితిని. వేపచెట్టు క్రింది గద్దెమీద పదిమంది కూర్చుండిరి. ఒకడు మాత్రము వారికి దూరముగా గోడవార నిలిచియుండెను. పట్నములో కట్టడపు పనికి పోయి తిరిగి వచ్చినవాడు, నలుబది ఏండ్లుండును. అతని రెండు చేతుల వెనుక భాగము మణికట్టు మొదలు వ్రేళ్ళవరకు నల్లబడి, ఎండిన చెరువుమట్టివలె పగిలియున్నది. మెడచుట్టును హారము వేసినట్లు నల్లని పట్టీ కలదు. "సారూ, అటు పోకుండ్రి, పెద్దరోగమంటున్నరు" అని ఒక పెద్దమనిషి నా చెవిలో చెప్పెను. నేను రెండడుగులు వెనుకకు వేసితిని. చదువుకొన్నవాడను, ఆరోగ్య ప్రచారమునకే వచ్చినవాడను. అయినను వెనుకకు వేసితిని. ఆ సంగతి మీ ముందు దాచుట న్యాయము కాదు.

మరునాడు ఆశా కార్యకర్త అతనిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయెను. డాక్టరుగారు చేతులు, మెడ, పాదములు, నాలుక పరీక్షించి, మొదట అడిగిన ప్రశ్న "ఏమి తినుచున్నావు?" అని. ఉదయము అంబలి, రాత్రి గట్కయో రొట్టెయో, అందులోనికి మిరపతొక్కు; సాయంకాలము తప్పక సారా. పప్పు తిని ఎన్నాళ్ళయినదో అతనికే జ్ఞాపకము లేదు. కొన్ని వారములుగా విరేచనములు. రాత్రులు నిద్ర లేదు. ఎవరితోను మాట్లాడబుద్ధి పుట్టుటలేదట. అది పెద్దరోగము కాదు, అంటురోగమును కాదు. దాని పేరు పెల్లాగ్రా. నియాసిన్ అను ఒక విటమిను చాలకపోవుటచే వచ్చునది. మాత్రలిచ్చిరి, తిండి మార్చిరి. నోటిపూతయు విరేచనములును కొద్ది దినములలోను, చర్మము కొన్ని వారములలోను కుదుటబడెను. అతని పిల్లలను తోడిపిల్లలు తిరిగి ఆటకు పిలుచుటకు మాత్రము అంతకంటె ఎక్కువ కాలము పట్టినది.

ఈ వ్యాధికి పెద్ద చరిత్ర కలదు. 1735లో స్పెయిన్ దేశమున గాస్పర్ కసాల్ అను వైద్యుడు బీద రైతులయందు దీనిని గుర్తించెను. మెడచుట్టు వచ్చెడి ఆ పట్టీని నేటికిని వైద్యులు కసాల్ హారమందురు. ఇటలీలోను, పిమ్మట అమెరికా దక్షిణ రాష్ట్రములలోను మక్కలే ముఖ్యాహారముగా గల బీదలు దీనిపాలైరి. సూక్ష్మజీవులవలన వచ్చు అంటురోగమని అక్కడి పెద్దలు వాదించుచుండగా, 1914లో పరిశోధన ప్రారంభించిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు ఇది తిండిలోని లోపమేయని నిరూపించెను. ఆ లోపించిన వస్తువు నియాసినే యని 1937లో ఎల్వెజెమ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. మెక్సికో ప్రజలు మాత్రము తరతరములుగా మక్కలను సున్నపునీటిలో ఉడికించి తినుచుండిరి. సున్నము తగిలినచో మక్కలలో బిగిసియున్న ఆ విటమిను విడివడి వంటబట్టును. పుస్తకము లేకయే వారి వంటయిల్లు నేర్చిన విద్య అది.

అయితే మన దక్కను పీఠభూమిలో మక్కలు ముఖ్యాహారము కాదు. ఇక్కడ పెల్లాగ్రా వచ్చిన వారిలో ఎక్కువమంది జొన్నలు తినువారు. జొన్నలలో నియాసిన్ బియ్యములోకంటె తక్కువ కాదు. మరి వ్యాధి ఏల వచ్చినది? ఈ చిక్కుముడిని విప్ప యత్నించినది మన హైదరాబాదులోనే. కూనూరులో 1918లో మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధి పరిశోధనకై ఒక చిన్న గదిలో ప్రారంభించిన సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. అక్కడ డాక్టర్ కొలత్తూర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా అను ఇరువురు 1960లో ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. జొన్నలోని మాంసకృత్తులలో లూసిన్ అను అంశము మితిమీరి యుండును. మన శరీరము ఇతర ఆహారములోని ట్రిప్టోఫాన్ అను అంశమునుండి కొంత నియాసిన్‌ను తానే తయారు చేసికొనును. ఆ పనికి లూసిన్ అడ్డుపడునని వారి అభిప్రాయము. తరువాతి శాస్త్రజ్ఞులలో దీనినిగూర్చి భిన్నాభిప్రాయములున్నవి. కాని ఒక్క జొన్నమీదనే ఆధారపడిన బీదవానికి ముప్పు కలదనుటలో సందేహము లేదు. గోపాలన్ గారు నూరేండ్లు జీవించి 2019లో దివంగతులైరి.

1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. క్రమముగా మన ఇండ్లలో రొట్టెస్థానమున అన్నము చేరినది. ఆసుపత్రులలో పెల్లాగ్రా రోగులు అరుదైరి. కొందరు యువ వైద్యులు దీనిని పుస్తకములోని బొమ్మగా తప్ప ఎరుగరు. అందుకే గ్రామమున మన కన్ను అవసరము. నేడు ఇది ఎవరికి వచ్చును? తిండికి మారుగా సారా త్రాగువారికి వచ్చును. ఒంటరిగానుండి ఒక పూట వండి మూడు పూటలు తినెడి ముసలివారికి వచ్చును. అరుదుగా, క్షయకు ఐసోనియాజిడ్ అను మందు వాడుచు, సరియైన తిండి లేనివారికిని రావచ్చును. ఇట్టివారు క్షయ మందును తమంతట తాము మానరాదు. డాక్టరుతో చెప్పినచో తగిన విటమిను మాత్రలు చేర్చి ఇత్తురు.

గుర్తు సులభము. ఎండ తగులు చోటనే, రెండువైపులను సమానముగా వచ్చును: రెండు చేతుల వెనుక, రెండు పాదములపై, మెడచుట్టు. చొక్కా చేతి క్రింది చర్మము బాగుగనే యుండును. కుష్ఠువైనచో వేరు లక్షణము. పాలిపోయిన లేక ఎర్రని మచ్చ యుండి, ఆ మచ్చమీద స్పర్శ తగ్గియుండును, గిచ్చినను తెలియదు. అట్టి మచ్చ కనిపించినను భయపడనక్కరలేదు. సర్కారు దవాఖానలో ఉచితముగా మందులిత్తురు. మందు మొదలిడిన కొద్దికాలములోనే అది ఇతరులకు అంటుట ఆగిపోవును. ఏ రోగమైనను, మంచినీటి నల్లావద్ద ఒక మనిషిని వెనుకకు నెట్టుటకు పంచాయతీ సాక్షి కారాదని నా ప్రార్థన.

ఇంత విన్నపిదప జొన్నను విడువవలెనా యని మీరు అడుగవచ్చును. వలదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. పట్నములోని ధనవంతులు మన రొట్టెను వెదకికొని తినుచున్నారు. జొన్నలో నూటికి సుమారు పది పాళ్ళు మాంసకృత్తులు, పాలిష్ బియ్యముకంటె హెచ్చుగా పీచును కలవు. తప్పు జొన్నది కాదు, దాని ప్రక్కన ఏమియు లేని కంచముది. మన పెద్దల పొలమును తలచుకొనుడు. జొన్నచేనిలో కంది సాలు వేసిరి, పెసరయు అనుమును కలిపిరి, యాసంగి జొన్నల చుట్టు కుసుమలు వేసిరి. ఆ సాళ్ళన్నియు కంచములోనికి వచ్చినన్నాళ్ళు రొట్టె మేలే చేసినది. పంట అమ్ముకొని, కంది బజారునకు పోయి, జొన్న ఒక్కటే ఇంట మిగిలినచో కీడు మొదలైనది.

కావున రొట్టెతో పప్పు ఉండవలెను. పప్పు కొనలేని దినమున ఉలవచారు, లేక పిడికెడు పల్లీలు. పల్లీలలో నియాసిన్ విస్తారము. బీదవాని బాదమని దానిని ఊరక అనలేదు. గ్రుడ్డు, పాలు, మజ్జిగ, చేపలు, దొరికినంత మాంసము మంచివి. తోటకూర, పుంటికూర, మునగాకు, గంగవాయిలికూర మన గట్లమీదనే దొరకును. వానిలోని విటమిను ఏ కన్నునకును, చర్మమునకును మేలు. పిల్లల మోచేతులమీద, మోకాళ్ళమీద కప్పచర్మమువలె గరుకు పొక్కులు లేచినచో అది మురికివలన కాదు. మంచి కొవ్వును, కొన్ని విటమినులును చాలవని అర్థము. అట్టి పిల్లవానిని రాయితో తోమి ఏడ్పింపక, కూరలో కుసుమ నూనెయో నువ్వుల నూనెయో ఒక చెంచా పోయుడు. గర్భిణులకును బాలింతలకును 2015 జనవరి నుండి ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనము, గ్రుడ్డు, పాలు ఏర్పాటు చేయబడినవి. వార్డు సభ్యులు నెలకొకసారి అక్కడ గ్రుడ్డు వచ్చినదా, పప్పు పలుచనగా నున్నదా యని చూచుట తమ అధికారములోని పనియే.

ఇక నీరు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతములవారికి నేను ఫ్లోరైడును గూర్చి చెప్పుట సముద్రమునకు ఉప్పు తెచ్చినట్లుండును. 1955లోనే డాక్టర్ సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని ఈ వ్యాధిని బ్రిటిష్ వైద్యపత్రికలో వర్ణించెను. వంగిన వెన్ను, బిగిసిన మెడ, మచ్చల పండ్లు మనము చూచియే పెరిగితిమి. నేల లోపలి రాతిలోని ఖనిజము నీటిలో కరుగుటచే వచ్చిన ఆపద ఇది. కృష్ణా జలము శుద్ధియై మిషన్ భగీరథ గొట్టములలో గ్రామములకు వచ్చిన తరువాత పరిస్థితి మారినది. కాని గొట్టము పగిలిన దినమున పాత బోరును ఆశ్రయించు అలవాటు ఇంకను పోలేదు. మూడు సంగతులు మరువకుడు. మొదటిది, నీరు కాచినచో సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది అది చిక్కబడును. రెండవది, వంటనీరును త్రాగునీరే. పప్పు ఉడికిన బోరునీరు కడుపులోనికే పోవును. స్నానమునకు, బట్టలకు బోరునీరు వాడుకొనవచ్చును, చర్మముగుండా ఫ్లోరైడు లోనికి ఎక్కదు. మూడవది పోషకాహార సంస్థవారు చెప్పినది. బియ్యము తినువారికంటె జొన్నలు తినువారి శరీరమున ఫ్లోరైడు ఎక్కువగా నిలుచునని 1970వ దశాబ్దమున వారు పరీక్షించి చూచిరి. అదే సంస్థవారు కొందరు బాలురకు దినమునకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి, మూత్రము ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా బయటకు పోవుచున్నదని 2002లో ప్రకటించిరి. మన పచ్చిపులుసు ఒక ఔషధమని నేను అనను; మంచినీరు లేనిచోట చింతపండు ఏమియు చేయలేదు. కాని పచ్చిపులుసు మానవలసిన కారణమును నాకు కనబడుటలేదు. ఒక లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు త్రాగదగినది కాదు. ఏ బోరులో ఎంత కలదో నీటి పరీక్షాశాలనుండి తెలిసికొని, ఆ అంకెను బోరుమీదనే రంగుతో వ్రాయించుడు.

పాలమూరు సోదరులకు ఒక మాట. పట్నములలో సిమెంటు పనికి పోయివచ్చువారి చేతులమీద, పాదములమీద పుండ్లు తరచుగా కానవచ్చును. తడి సిమెంటు సున్నమువలె చర్మమును కాల్చును. అందులోని క్రోమియము కొందరికి దురదతో కూడిన పొక్కులను తెచ్చును. రబ్బరు చేతొడుగులు, బూట్లు అడిగి తీసికొనవలెను. సిమెంటు పడినచో సాయంకాలమువరకు ఆగక వెంటనే నీటితో కడిగికొని, రాత్రి కొబ్బరినూనె వ్రాసికొనవలెను. బూటులో సిమెంటునీరు చేరినచో బూటు లేకుండుటయే మేలు. గంటలకొలది నానిన కాలు లోతుగా కాలును.

తామరకు మందులు అమ్ముటలో పెద్ద మోసము జరుగుచున్నది. దుకాణములో అడిగిన తక్షణమే ఇచ్చెడి కొన్ని లేపనములలో స్టెరాయిడు కలిసియుండును. మొదటి దినమున దురద చల్లారును. నెల తిరుగులోపల తామర నడుమునుండి తొడలకును, భార్యనుండి బిడ్డలకును ప్రాకును. అట్టి లేపనములను వైద్యుని చీటీ లేకుండ అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము నియమము చేసినది. ముఖము తెల్లబరచునని అమ్మెడి పేరూ ఊరూ లేని క్రీములలో పాదరసము ఉండవచ్చును. అది మూత్రపిండములను చెడగొట్టును. ఈ రెండు సంగతులును మహిళా సంఘముల సమావేశములలో మీరే చెప్పిన బాగుండును. నేను చెప్పినచో నవ్వుదురు. గజ్జి వచ్చినపుడు ఇంటిలో దురద ఉన్నవారును లేనివారును అందరు ఒకే రాత్రి మందు పూసికొని, బట్టలను, పక్కగుడ్డలను వేడినీట ఉతికి ఎండవేయవలెను. ఒక్కనికే పూసిన గజ్జి ఇల్లంతయు తిరిగివచ్చును.

పెసరపిండితో ఒళ్ళు రుద్దుకొనుట, వారమునకొకసారి నువ్వులనూనె తలంటు, శీకాయ — ఇవి మంచి అలవాట్లే, విడువనక్కరలేదు. పసిపిల్లలకు మాత్రము పిండి గట్టిగా రుద్దరాదు. పుండుమీద పేడ, బూడిద, బ్యాటరీ మసి పెట్టరాదు.

దేవరకొండ వైపు గ్రామమునకు మొన్న మరల పోయితిని. ఆతడు సారా పూర్తిగా మానలేదని ఆశా కార్యకర్త చెప్పెను. కాని ఆమె ఒక ఏర్పాటు చేసినది: అతని యింటికి రెండిండ్ల అవతల నున్న వార్డు సభ్యురాలు ప్రతి రాత్రి ఒక గిన్నె పప్పు పంపుచున్నది. అతడు మొదట సిగ్గుపడి తిప్పి పంపెనట. ఇప్పుడు గిన్నె కడిగి పంపుచున్నాడు.