తొమ్మిది గళ్ల బొమ్మ
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పదవీ విరమణ తర్వాత కాలక్షేపం" అనే అంశం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. ఉదయపు నడక గురించో, తీర్థయాత్రల గురించో చెబుతానని వారు అనుకొని ఉంటారు. నేను కంప్యూటర్‌లో రంగుల బొమ్మలు తీయడం గురించి చెబుతాను. బొమ్మలు వేయడం అనలేదు, గమనించండి. వేయడం నాకు చేతకాదు.

నేను 1974లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఆ ముప్పై అయిదేళ్లూ నాకున్న ఆస్తి నా చేతిరాత ఒక్కటే. పై అధికారులు ముఖ్యమైన నోటు ఏదైనా ఉంటే నన్ను పిలిచి రాయించేవారు. అటువంటి నా కుడిచేయి 2019లో వణకడం మొదలుపెట్టింది. ప్రాణభయం లేదు గాని పూర్తిగా పోయేది కాదని డాక్టరు గారు చెప్పారు. ఆ ఏడే నేనిచ్చిన చెక్కొకటి సంతకం కలవలేదని బ్యాంకు నుంచి తిరిగి వచ్చింది. కౌంటర్లో కుర్రవాడు కాగితం ఇచ్చి మళ్లీ సంతకం చేయమన్నాడు. మూడుసార్లు చేశాను. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. వెనక వరసలో నిలబడిన వాళ్లంతా చూస్తున్నారు. ఆ రోజు నుంచి నేను కలం ముట్టుకోలేదు. ఇంట్లో పాల లెక్క కూడా మా ఆవిడే రాసేది.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా మనవడు మా దగ్గరే ఉండి ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునేవాడు. నేను ఊరికే కిటికీ దగ్గర కూర్చోవడం చూసి, "తాతయ్యా, రాయక్కర్లేని పని ఒకటి చూపిస్తాను రా" అని తన పాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. అందులో జింప్ అనే ప్రోగ్రాం ఉంది. అమెరికాలో బర్క్లీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు 1995లో దీన్ని మొదలుపెట్టి, 1996లో లోకానికి విడుదల చేశారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఎవరైనా దానికి ప్లగ్-ఇన్‌లు రాసి తగిలించవచ్చు. ప్లగ్-ఇన్ అంటే ఏమిటని అడిగాను. "మిక్సీ ఒకటే గాని జార్లు వేరే కదా తాతయ్యా, అలాంటిది" అన్నాడు.

వాడు చూపించిన జార్ పేరు క్యూబిస్ట్. ఫిల్టర్స్, అందులో రెండర్, అందులో ప్యాటర్న్, అందులో ఉంటుంది. యోర్న్ లోవిస్కాక్ అనే ఆయన 1995లో ఒక జర్మన్ కంప్యూటర్ పత్రికలో ప్రకటించిన పద్ధతిని ఆధారం చేసుకొని యెన్స్ రెస్టమాయర్ అనే ఆయన రాసిన ప్లగ్-ఇన్ ఇది. తెరవగానే మూడు వరసల్లో తొమ్మిది గళ్లు కనిపిస్తాయి. మధ్య గడిలో ఒక బొమ్మ, దాని చుట్టూ దాని పోలికలున్న ఎనిమిది బొమ్మలు. అమ్మ, చుట్టూ పిల్లలు అనుకోండి. పిల్లల్లో మీకు నచ్చినదాని మీద నొక్కితే అది మధ్యకు వచ్చి అమ్మవుతుంది. మళ్లీ దానికి ఎనిమిది మంది పిల్లలు. ఇట్లా ఎంతసేపైనా సాగుతుంది. చెట్టు, పిట్ట, మనిషి ఏదీ ఉండదు. వంకరలు, పట్టీలు, గోళాల వంటి ఆకారాలు, రంగులోంచి రంగులోకి జారే నీడలు, అంతే.

ఇదెలా జరుగుతుందో మనవడు వివరించాడు. బొమ్మంతా చుక్కలే. వెయ్యికి వెయ్యి కొలత గల బొమ్మలో పది లక్షల చుక్కలుంటాయి. ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పాళ్లు. ఒక్కొక్క పాలు సున్నా నుంచి 255 దాకా ఉండవచ్చు. అంటే మొత్తం 1,67,77,216 రంగులు. ప్లగ్-ఇన్ ప్రతి చుక్కకూ అడ్డం ఎంత, నిలువు ఎంత అని చూసి, ఆ అంకెలను ఒక లెక్కల వరుసలో పెడుతుంది. కొంత జరుపుతుంది, కొంత తిప్పుతుంది, కొంత హెచ్చవేస్తుంది. చివర తేలిన మూడు అంకెలే ఆ చుక్క రంగు. పిల్ల బొమ్మల కోసం ఆ లెక్కల వరుసలోనే కొద్దిపాటి మార్పు చేస్తుంది. వింటున్న మా ఆవిడ, "చుక్కలూ, ఒక నియమమూ ఉంటే ముగ్గే కదండీ" అంది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇప్పుడు మాట చెబితే బొమ్మ వేసిపెట్టే ఏఐలు వచ్చాయి. ఇది అటువంటిది కాదు. ఎవరి బొమ్మలనూ చూసి నేర్చుకున్నది కాదు. దీని దగ్గర ఉన్నది లెక్క, దాంతోపాటు కొంత యాదృచ్ఛికం. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

ఇక నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఒక సాయంత్రం మా ఆవిడ పక్కన కూర్చుంది. పసుపు నేల మీద వంగపండు రంగు పట్టీలు, అంచున సన్నని తెలుపు ఉన్న బొమ్మ ఒకటి వచ్చింది. "ఆగండి, ఇది బాగుంది. పాత చీరల ముక్కలతో మునిమనవరాలికి బొంత కుడుతున్నాను కదా, రంగులు ఇలా పేరుస్తాను" అంది. ఆగుదామనే అనుకున్నాను. చేయి వణికి వేలు రెండుసార్లు పడింది. బొమ్మ పోయింది. కంగారులో ఇంకో నాలుగుసార్లు నొక్కాను. అన్‌డూ అనే బటన్ ఉందని నాకప్పటికి తెలియదు. రెండు రోజులు వెతికాను. పసుపు వచ్చింది, వంగపండు వచ్చింది, ఆ బొమ్మ మాత్రం రాలేదు. "పోతే పోయిందిలెండి" అంది గాని, ఆవిడ మనసు కష్టపడటం నాకు తెలిసింది.

అప్పుడు నాకు ఆఫీసు గుర్తొచ్చింది. నంబరు వేయకుండా ఏ తపాలైనా టేబుల్ దాటనిచ్చామా మనం? ఆ రాత్రే పాత రూళ్ల పుస్తకం ఒకటి తీసి రిజిస్టరుగా గళ్లు గీశాను. వరుస సంఖ్య, తేదీ, బొమ్మ పేరు, రిమార్కులు. క్యూబిస్ట్‌లో సేవ్ బటన్ ఉంది. దానితో ఆ బొమ్మ లెక్కలను దాచుకుంటే మళ్లీ తెరవవచ్చు. జింప్‌లోనే ప్లాస్మా అనే మరో ఫిల్టర్ ఉంది, రంగుల మేఘాలను ఇస్తుంది. దానికి సీడ్ అని ఒక నంబరు ఉంటుంది. అదే నంబరు, అదే బొమ్మ కొలత, టర్బులెన్స్ అనే అంకె కూడా అదే ఇస్తే అచ్చంగా అదే మేఘం వస్తుంది. మన ఫైలు నంబరు వంటిదే. రిజిస్టరులో రాసుకుంటే చాలు.

రిజిస్టరు రాయాలంటే కలం పట్టాలి కదా. మొదటి పేజీ చూస్తే కోడి కెలికినట్టుంటుంది. పది పేజీలు దాటాక కూడా వణుకు పోలేదు గాని, నా అక్షరం నాకు చదవడానికి వచ్చింది. నచ్చిన బొమ్మలకు ఆర్.డిస్. అని, కొన్నాళ్లుంచి తీసేయవలసిన వాటికి ఎల్.డిస్. అని వేస్తున్నాను. మీరు నవ్వుతారని తెలుసు. ఇప్పటికి రిజిస్టరులో రెండు వందలకు పైగా ఎంట్రీలున్నాయి. ఆర్.డిస్. అయినవి ముప్పై ఒకటి.

మన సంఘంలోనే మిత్రులొకరు ఇవి చూసి, "ఏమోయ్, లెక్కలు వేసేది యంత్రం, రంగులిచ్చేది యంత్రం, ఇందులో నీదేముంది?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నాలుగు రోజులు ఆలోచించాను. నా సర్వీసులో నా బల్ల మీదికి వచ్చిన కాగితాలు ఏవీ నేను పుట్టించినవి కావు. అర్జీలు ప్రజలవి, జి.ఓ.లు ప్రభుత్వానివి, సంతకం ఆఫీసరు గారిది. వాటిలో ఏది ముందు చూడాలి, ఏది దాచాలి, ఎక్కడ దాస్తే మళ్లీ దొరుకుతుంది అన్నదే నా పని. ఆ పని సరిగా జరగక ఎందరి అర్జీలు ఏళ్ల తరబడి దొరక్కుండా పోయాయో మనందరికీ తెలుసు. యంత్రం లక్ష బొమ్మలు చూపిస్తుంది. ఇది ఉంచు అని అది చెప్పదు. ఆ మాట చెప్పేది మా ఆవిడ, దాచేది నేను. ఇందులో నాదేమైనా ఉందంటే అదే.

మీలో ఎవరైనా మొదలుపెట్టదలిస్తే రెండు మాటలు. బొమ్మ నచ్చగానే ముందు సేవ్ చేసి, తర్వాత ఇంట్లోవాళ్లను పిలవండి. తెర మీద రంగు వెలుగుతో వచ్చేది, కాగితం మీద రంగు సిరాతో వచ్చేది. కనుక ప్రింటు కొంచెం మందంగా వస్తే షాపువాడితో పోట్లాడకండి.

ఆ బొంత పూర్తయింది. మొదటి బొమ్మ ప్రకారం కాదు, రిజిస్టరులో 14వ నంబరు ప్రకారం. నేను పోయిన సంవత్సరం బ్యాంకుకు వెళ్లి కొత్త నమూనా సంతకం ఇచ్చి వచ్చాను. వణుకుతూనే చేశాను. ఇప్పుడు నా సంతకం అదే.

ఎవరికి ఆసక్తి ఉన్నా సాయంత్రం పూట మా ఇంటికి రండి, దగ్గరుండి చూపిస్తాను. కాఫీ మా ఆవిడ ఇస్తుంది.