‘అరుదు’ అంటే ఎంత?



ఔషధ సూచనపత్రాలను తెలుగులోనికి మార్చేటప్పుడు నన్ను మిక్కిలి నిలిపివేసే మాట ‘అరుదు’. మన ప్రాచీన కావ్యాలలో దానికి ఆశ్చర్యమన్న అర్థమూ ఉన్నది. ఐరోపా ఔషధ నియమాలలో మాత్రం అదొక కొలత: 10,000 మందిలో ఒకరి నుండి పదిమంది లోపు. అంకె విడిచి మాటనే ముద్రిస్తే భయస్థుడు తనకే వస్తుందనుకొంటాడు, ధీమా గలవాడు ఎవరికీ రాదనుకొంటాడు.

1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఒక హెచ్చరిక వెలువడింది. కొత్తరకం గర్భనిరోధక మాత్రల వలన రక్తనాళాలలో గడ్డలు ఏర్పడే ప్రమాదం రెట్టింపవుతుందని దాని సారాంశం. పాత మాత్రలతో 7,000 మందిలో ఒకరికి, కొత్తవాటితో ఇద్దరికి. జనం చెవిన పడినది ‘రెట్టింపు’ ఒక్కటే. ఎందరో మాత్రలు మానివేశారు. మరుసటి ఏడు ఇంగ్లండు, వేల్సులలో సుమారు 13,000 గర్భవిచ్ఛిత్తులు అధికంగా జరిగాయి. గర్భధారణలో గడ్డల ప్రమాదం ఆ మాత్రలతో కంటె ఎక్కువన్న సంగతి ఎవరికి పట్టింది?

అందుచేత వైద్యుని అడగండి: “ఎంతమందిలో ఎంతమందికి? మందు మానితే ఏమవుతుంది?” బెంగళూరులో తెలుగు రాని వైద్యుడైతే, “ఎష్టు జనరల్లి ఎష్టు జనరిగె?” అనండి, చాలు.

అయితే అరుదైనది అల్పమైనదని కాదు. మూర్ఛకు వాడే కార్బమజెపీన్ వలన బహు కొద్దిమందికి చర్మం పొక్కి ఊడిపోయే ప్రాణాంతక వ్యాధి వస్తుంది. సాధారణంగా తొలి వారాలలోనే. జ్వరంతో దద్దుర్లు, నోటిపుండ్లు, కళ్లమంట కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అటుపిమ్మట కేంద్రప్రభుత్వ ఔషధ భద్రతా విభాగానికి 1800-180-3024లో తెలియజేయండి. రోగులే స్వయంగా చెప్పవచ్చును. రుసుము లేదు.