బయానా ఇచ్చాక ఇల్లు వద్దనుకుంటే

(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు ప్రసంగం)



నన్ను పొదుపు లెక్కల మీద మాట్లాడమన్నారు. లెక్కలు ఈ పుస్తకంలోనే ఉన్నాయి, తీరిగ్గా చూసుకోవచ్చు. నేను ఇంటి అప్పు గురించి చెప్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడి తోటల్నీ కొబ్బరి చెట్లనీ పడగొట్టేసాక, తోటనే నమ్ముకుని ఉండడానికి మనవాళ్ళకి ధైర్యం చాలడం లేదు. కాశీబుగ్గలోనో టెక్కలిలోనో చిన్న ఇల్లుంటే పిల్లల చదువుకీ ఆస్పత్రికీ దగ్గర అనుకుంటున్నారు. అనుకోవడం తప్పు కాదు. కానీ బయానా ఇచ్చేసాక ఆ ఇల్లు వద్దనుకోవలసి వస్తే ఏటవుతుంది?

మా సంఘంలో ఒక అప్పకి అలాగే అయింది. పేరు చెప్పను. జీడి పిక్కలు కొట్టి కూడబెట్టిన మనిషి. పద్దెనిమిది లక్షలకి ఇల్లు బేరమాడి రెండు లక్షలు బయానా ఇచ్చింది. అందులో లక్ష సంఘం అప్పు. బ్యాంకు పన్నెండు లక్షలు మంజూరు చేసింది. రిజిస్ట్రేషనుకి ఇరవై రోజులుందనగా వాళ్ళాయన రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువ వచ్చింది. ఉద్దానంలో ఆ మాట వింటే ఎవరికీ వివరించి చెప్పనక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు కాబట్టి మునుపటంత దూరం పోనక్కర్లేదు. కానీ సంపాదించే మనిషి మంచం పడితే నెలనెలా వాయిదా ఎవరు కడతారు? ఇల్లు వద్దనుకున్నారు.

అప్ప ఏడుస్తూ వచ్చి, "పన్నెండు లక్షల అప్పులో పడిపోయాను చెల్లీ" అంది. పడలేదు. ఇది మనమందరం తెలుసుకోవాలి. మంజూరు కాగితం వచ్చినంత మాత్రాన అప్పు అయిపోదు. బ్యాంకు డబ్బు విడుదల చేస్తేనే అప్పు. అంతకుముందు వద్దనుకుంటే ప్రాసెసింగ్ ఫీజు, లాయరు చూసినందుకూ ఇల్లు వెలకట్టినందుకూ కట్టినవి మామూలుగా తిరిగి రావు. సిబిల్‌లో లోను అడిగినట్టు ఒక గుర్తు ఉంటుంది, అంతే. అయితే బ్యాంకుకి వెళ్ళడం మానేసి ఊరుకోకూడదు. లోను వద్దని రాసిచ్చి, మన కాపీ మీద ముద్ర వేయించుకోవాలి.

డీడీ తీసేసాక ఆగిపోతే వేరే కథ. డీడీ అమ్మేవాడి చేతికి ఇవ్వకపోయినా, తీసిన రోజు నుంచే వడ్డీ వేసే బ్యాంకులున్నాయి. అందుకని ఆ రోజే వెనక్కిచ్చి రద్దు చేయించాలి. ఇక రిజిస్ట్రేషను కూడా అయిపోయి, దస్తావేజు బ్యాంకులో తనఖా పెట్టాక వెనక్కి తగ్గడమంటూ ఉండదు. ఇల్లు మనదే, అప్పూ మనదే. కట్టలేకపోతే ఇల్లు అమ్మి అప్పు తీర్చాలి. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పు ముందే తీర్చేస్తే మామూలు మనుషుల దగ్గర జరిమానా తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఎవరైనా అడిగితే ఈ మాట చెప్పండి.

బయానా దగ్గరే అసలు నొప్పి. మనం మానుకుంటే బయానా పోతుందని ఒప్పందంలో రాసే ఉంటుంది, చదవకుండా సంతకం పెడతాం. అమ్మే ఆయన మీద మొదట మా అందరికీ కోపమొచ్చింది. కూర్చుని మాట్లాడితే తెలిసింది: ఆ ఇంటి మీద ఆయనకీ బ్యాంకు అప్పుంది. మన బయానా ఆ తనఖా బాకీకే కట్టేశాడు. బేరం చెడిపోయేసరికి మిగిలిన వాయిదాలు ఆయన నెత్తినే పడ్డాయి. ఒక ఇల్లు, రెండు కుటుంబాల అప్పులు! నాలుగు నెలలకి ఇంకొకరు కొన్నాక లక్షా ఇరవై వేలు తిరిగిచ్చాడు. మిగతా ఎనభై వేలు పోయాయి. కోర్టుకి వెళ్తే, నష్టానికి తగ్గ పరిహారమే ఇప్పిస్తారని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షను ఉందిట. కానీ బయానా విషయంలో తీర్పు ఎటు పోతుందో చెప్పలేం, వకీలు ఖర్చు మాత్రం ఖాయం. కూర్చుని తేల్చుకోవడమే నయమనిపించింది నాకు.

మరి సంఘం లక్ష? ఇల్లు పోయినా అది పోలేదు. మన లింకేజీ అప్పుకి పది లక్షల వరకూ బ్యాంకు తాకట్టు అడగకూడదు. మన మాటే తాకట్టు. ఒకరి వాయిదా ఆగితే పదిమందికీ మచ్చ. తిరిగొచ్చిన డబ్బులో మొదటి లక్ష నేరుగా సంఘం ఖాతాలో వేయించాం. ఆస్పత్రి ఖర్చుందని తెలుసు, కటువుగా ఉన్నారని కొందరు అన్నారు. మందుల కోసం ఆరోగ్య అవసరం కింద చిన్న అప్పు వేరేగా ఇచ్చాం. రెండూ కలపకపోవడమే మంచిదయింది.

బయానా ఇచ్చేముందు ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించండి: "బ్యాంకు లోను రాకపోయినా, కొనేవారి ఇంట్లో పెద్ద జబ్బు వచ్చినా బయానా ఫలానా రోజుల్లో తిరిగి ఇవ్వాలి." అమ్మేవారు ఒప్పుకోకపోతే బయానా తగ్గించి ఇవ్వండి. ఈసీ తీయించి చూడండి, ఇంటి మీద రిజిస్టరైన తనఖా ఉంటే బయట పడుతుంది. ఉంటే మిగతా డబ్బు ఆయన చేతికి కాదు, ఆయన అప్పు ఖాతాకే వెళ్ళాలి. బాకీ తీరాక ముప్పై రోజుల్లో బ్యాంకు అసలు కాగితాలు తిరిగివ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు ఇవ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు చెప్పింది.

విశాఖలో పిల్లలు ఫ్లాటు కొంటామంటే రెరా చట్టం గుర్తు చేయండి. ఒప్పందం రిజిస్టరు చేయకుండా బిల్డరు పది శాతానికి మించి తీసుకోకూడదు. చెప్పిన గడువుకి ఇల్లివ్వకపోతే వడ్డీతో డబ్బు వెనక్కి అడిగే హక్కుంది.

ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఒప్పందం కాగితం ఉంటే, సంతకం పెట్టకముందే వచ్చే సంఘం మీటింగుకి పట్టుకురండి. చదవడం రానివాళ్ళకి నేను చదివి వినిపిస్తాను. పదో తరగతి దాకా చదివాను, ఆ మాత్రం వచ్చు.