కుమ్మరమునకు మరలి వచ్చువారు – ఆవపు విద్య

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము యొక్క పాఠము)



పల్లెలో పుట్టి, చిన్ననాట చెఱువుమట్టి పిసికి బొమ్మరింటికి కుండలు చేయనివారు అరుదు. ఆ కుండలు ఎండలో ఆరి గట్టిపడును. తొలివానకు కరగి మరల మట్టియే యగును. బాలుడు పెరిగి బడికిని, పిదప ఉద్యోగమునకును పోవును. ఏబది యేండ్లు దాటిన తరువాత మరల మట్టి ముట్టవలెనను కోరిక కొందరకు పుట్టుచున్నది. పట్టణములలో ఇందుకై శిక్షణశాలలే వెలసినవి. కుమ్మర కుటుంబమున పుట్టి, తండ్రి సారెను చావడిలో వదలి, విశాఖపట్టణమునకో మరి దూరమునకో పనికై పోయి, విశ్రాంతి దొరకిన పిమ్మట దానికై తిరిగి చూచువారును కలరు. ఈ యిరు తెగలవారికిని మట్టి కలుపుట, సారె త్రిప్పుట ఏదో రీతిని అలవడును. ఖాదీ గ్రామోద్యోగ సంఘము 2018 నుండి విద్యుత్తుతో తిరుగు సారెలను పంచుచుండుటచే కఱ్ఱతో త్రిప్పు శ్రమయు తగ్గినది. అలవడనిది కాల్పు. అదియే నేటి ప్రసంగవిషయము.

"కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని లోకోక్తి. కాని కుమ్మరి గుదియకన్న ఎక్కువగా వెఱచునది తన ఆవమునకే. మూడు వారముల పని ఒక రాత్రిలో పెంకులుగా మారుట కద్దు. కరగిపోవు బొమ్మరింటి కుండకును, కరగని నీళ్ళకుండకును గల భేద మంతయు ఆ యొక్క రాత్రిలోనే కలదు.

ఈ ప్రాంతమున ఆ విద్య నిన్న మొన్నటిది కాదు. వంశధార యొడ్డున, కళింగపట్టణమునకు చేరువనున్న శాలిహుండము కొండను 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించి లోకమునకు తెలిపిరి. అచట జరిగిన త్రవ్వకములలో బౌద్ధస్తూపములతోపాటు బ్రాహ్మీ అక్షరములు గల కుండపెంకులు బయల్పడినవి. తాటాకులు నశించినవి, కొయ్య నశించినది. కాలిన మట్టి మాత్రము పేరుతో సహా నిలిచినది. నేటికిని విజయనగరము పైడితల్లి పండుగలోగాని, ఊరూర జరుగు గ్రామదేవతల సంబరములలోగాని ఘటములు లేనిదే, పసుపునీటి ముర్రాటలు లేనిదే పని జరుగదు. పెండ్లికి అరివేణి కుండలు, దీపావళికి ప్రమిదలు, వేసవికి కూజాలు సరేసరి. వంటింటినుండి మాత్రము మట్టికుండ సత్తుగిన్నె రాకతో తప్పుకొన్నది. అందుకు గృహిణులను నిందించుట న్యాయము కాదు. సత్తుగిన్నె క్రింద పడినను పగులదు, కట్టెయు తక్కువ కాలును.

ఇక అగ్నికార్యమునకు వత్తము. ఎండిన కుండలో నీరు లేదని తోచును గాని, అది చూపునకు మాత్రమే. మట్టిరేణువుల నడుమ తేమ మిగిలియుండును. వేడి 100 డిగ్రీలు దాటగనే ఆ నీరు ఆవిరియై సుమారు 1,700 రెట్లు వ్యాపించును. బయటికి దారి దొరకనిచో కుండ పేలును. కొత్తవారి ఆవములలో పగిలినవానిలో పెక్కింటికి కారణ మిదియే. మట్టి చెడ్డదని వారు మట్టిని నిందింతురు. ఇది దాటిన పిమ్మట 450 మొదలు 600 డిగ్రీల నడుమ మరియొక నీరు పోవును. అది తడి కాదు, మట్టి యొక్క నిర్మాణమునందే బంధింపబడిన నీరు. అది పోయిన తరువాత మట్టి మరల మట్టి కాజాలదు. ఎన్ని వానలకు తడిసినను కరగదు. 573 డిగ్రీలకడ మట్టిలోని ఇసుకరేణువు ఒక్కసారిగా ఉబ్బును, చల్లారునపుడు అదే స్థానమున ఒక్కసారిగా ముడుచుకొనును. కనుక పైకి పోవునపుడు ఎంత జాగ్రత్త కావలెనో దిగునపుడును అంతియే కావలెను. పల్లె ఆవముల వేడి సాధారణముగా 600 నుండి 850 డిగ్రీల వరకే చేరును. పింగాణికి కావలసిన 1,200 డిగ్రీల పైమాట ఇచట లేదు. అందుచేతనే కూజాకు సన్నని రంధ్రములు మిగిలి, చెమ్మ పైకి ఊరి, ఆవిరియై, లోని నీరు చల్లబడును. ఎక్కువ కాలినచో కూజా కూజా కాకపోవును!

కుమ్మరి వృద్ధునకు ఈ డిగ్రీల లెక్క తెలియదు, అవసరమును లేదు. పొగ తెల్లగా నున్నంతసేపు తడి పోవుచున్నదని అతడెఱుగును. పైపొరలోని సందువద్ద ఇత్తడి పళ్ళెమో అద్దపు ముక్కయో ఒక క్షణ ముంచి, దానికి చెమ్మ పట్టినచో ఇంకను మంట పెంచరాదని నిశ్చయించును. చీకటిలో లోపల మందమైన ఎఱుపు కనబడినచో 500 దాటినదనియు, పండిన ఎఱుపు వచ్చినచో 700, 800 నడుమ నున్నదనియు శాస్త్రజ్ఞుడు చెప్పును. వృద్ధుడు కన్నెత్తి చూచి "వచ్చింది" అని ఊరకుండును. ఆవమును సాయంకాలము ముట్టించుటలో గల యుక్తి యిదియే. పగటి వెలుగులో ఆ యెఱుపు కంటికి ఆనదు.

పేర్చుట యందే సగము పని కలదు. పిడకలు, ఎండుకట్టె, కొబ్బరిపీచు అడుగున పఱచి, పెద్ద కుండలను మూతి క్రిందికి వచ్చునట్లు పేర్చి, సందులలో ప్రమిదలను, మూకుళ్ళను ఇమిడ్చి, పైన పాతపెంకులు కప్పి, గడ్డి పఱచి, బురద మెత్తుదురు. గాలికి దారి విడువనిచో మంట సాగదు. ఎక్కువ విడిచినచో గాలి వీచు వైపు కుండలు మాడి, మఱియొక వైపువి పచ్చిగానే మిగులును. సముద్రతీరపు గ్రామములలో గాలి యే వైపునుండి వీచుచున్నదో చూడక ఆవము పేర్చువాడు లేడు. లోపల గాలి బాగుగా ఆడినచో మట్టిలోని ఇనుము ఎఱ్ఱబడును. చివరి ఘడియలో తడిగడ్డితో, పేడతో మూసి గాలి ఆపినచో పొగ పట్టి కుండ నల్లబడును. ఒకే మట్టి, ఒకే ఆవము. ఎఱుపు నలుపుల భేదము గాలిది.

ఇంధన విషయమున ఈ జిల్లాలకు కొదువ లేదు. ఉద్దానపు కొబ్బరి, తీరపు సరుగుడు, పొలముల గడ్డి, ఊక అన్నియు పనికి వచ్చును. పలాస ప్రాంతమున జీడిపిక్కల తొక్క దొరకును గాని, దానియందు చర్మమును కాల్చు నూనె కలదు. పొగ కంటికిని గొంతునకును హానికరము. పైగా అది భగ్గున మండి, తొలి ఘడియలలో వేడిని ఒక్కసారిగా పైకి లాగును. కొత్తవారు దాని జోలికి పోకుండుట మేలు. సముద్రమునకు దగ్గఱి మట్టిలో గుల్లముక్క లుండుటయు మరియొక చిక్కు. ఎక్కువ వేడికి గుల్ల సున్నమగును. కుండ చక్కగా కాలి యింటికి వచ్చిన కొన్ని దినములకు ఆ సున్నము చెమ్మ పీల్చి ఉబ్బి, పైపెచ్చు ఎగిరిపోవును. మట్టిని నీటిలో కలిపి సన్నని గుడ్డతో వడగట్టుకొనుటయే దీనికి విరుగుడు. ఇక పాత్రలకు మెరుగు రావలెనని సీసము కలిసిన పూతలు పూయు కోరిక కొందరికి కలదు. తినుటకు, త్రాగుటకు వాడు పాత్రలపై అది విషము. అభ్యాసికి జేగురు పూత చాలును.

ఇవి యన్నియు పుస్తకమున చదివి నేర్చుకొనవచ్చును గదా యని ప్రశ్న రావచ్చును. గ్రంథాలయ సభలో పుస్తకమును తక్కువ చేయుట తగదు గాని, ఈ సందర్భమున ఒక చరిత్ర చెప్పవలసియున్నది. ఆంగ్ల చిత్రకారుడగు బెర్నార్డ్ లీచ్ 1911లో, ఇరువదినాలుగవ యేట, జపానులో ఒక విందునకు పోయెను. అతిథులు కుండలపై బొమ్మలు వేయగా, వానిని అప్పటికప్పుడు చిన్న కొలిమిలో కాల్చి చూపిరి. ఆనాటినుండి అతనికి మట్టియే లోకమైనది. 1920లో హమాదా షోజీతో కలిసి ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో కుమ్మరశాల స్థాపించెను. హమాదా యన్ననో రసాయనికముగా పూతలను పరిశోధించిన దిట్ట. అట్టి యిద్దరు కట్టిన కొలిమి సరిగా కాలలేదు. తరతరములుగా కుమ్మరము చేయు క్యోటో ప్రాంతపు వంశమునుండి వచ్చిన మత్సుబయాషి యనునతడు దానిని మరల కట్టిన తరువాతనే పని కుదిరినది. లీచ్ 1940లో వ్రాసిన కుమ్మరి గ్రంథమును ప్రపంచమంతట చదువుదురు. దాని వెనుక వంశపారంపర్యపు కుమ్మరి చేయి కలదని తలంచువారు కొలదిమంది.

మన దేశమున దేవీప్రసాద్ ఉదాహరణము కలదు. శాంతినికేతనమున చిత్రకళ నేర్చి, 1944లో సేవాగ్రామమునకు బోధకుడుగా పోయి, అచట కుమ్మరము చేపట్టెను. 1962లో యుద్ధవిరోధ ప్రతిఘటనల అంతర్జాతీయ సంస్థకు కార్యదర్శియై లండనుకు పోయెను. 1983లో స్వదేశమునకు మరలి మట్టిపనిని కొనసాగించి, 2011లో కీర్తిశేషుడయ్యెను. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ అను అమెరికనులు 1971లో స్థాపించిన కుమ్మరశాలలో దేశపు నలుమూలలనుండి వచ్చినవారు కొలిమి పని నేర్చిరి. మీకర్ ఇంకను ముందుకు పోయి, పచ్చియిటుకలతో ఇల్లు కట్టి, లోపల ఇటుకలు పేర్చి, ఇంటినే ఆవముగా కాల్చిచూచెను. సాహసమే గాని పల్లెకు అది అక్కఱకు రాదు.

ఈ ప్రాంతమున ఆవము పేర్చ నెఱిగిన వృద్ధులు తగ్గుచున్నారు. వారి కుమారులు వేఱు పనులకు పోయిరి. పోవలదని చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు. ఏడాదికి కొన్ని నెలలే సాగు పని యిది. ఆ నెలలపైనను తుపాను కన్ను కలదు. దీపావళి ప్రమిదలు ఆరబెట్టవలసిన ఆశ్వయుజమే తుపానుల మాసము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినది. దీపావళికి పదిరోజులే మిగిలియుండెను. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి ఉద్దానపు కొబ్బరితోటలను కూల్చినది. ఇట్టి గాలివానలో ఆరని ప్రమిదలు మట్టిముద్దలగుట ఎవరికైనను ఊహింప దగినదే. సరదాకై మట్టి ముట్టువానికి నష్టము ఒక ఆదివారము. కుమ్మరికి ఆ యేటి అప్పు. ఈ భేదమును మరచి, సరదాకై చేసిన ప్రమిదలను కుమ్మరి ధరకన్న తక్కువకు సంతలో అమ్మజూపుట మర్యాద కాదు. నేర్చుకొనగోరువాడు కుమ్మరి తాతవద్దకు పోయి, రోజుకూలి యిచ్చి, గురువుగా భావించి, ఒక రాత్రి ఆవము ప్రక్క కూర్చుండవలెను. చదువుకున్న శిష్యుని చూచి వృద్ధుడు మొదట నవ్వవచ్చును. కట్టె అందించుచు తెల్లవారు జాము దాక మేలుకొన్నచో ఆ నవ్వు దానంతటదియే పోవును.

గ్రంథాలయమునకు ఇందు ఒక పని కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటమును, వ్యవసాయ పదములతో, వెలువరించినది. రైతు నోటి మాటకు అట్లు గౌరవము కలిగినది. ఆవపు ఒక్కొక్క భాగమునకు, మంట యొక్క ఒక్కొక్క దశకు, పగుళ్ళలో ఒక్కొక్క రకమునకు ఈ పల్లెలలో పలుకు మాటలను కుమ్మరుల నోట విని, ఒక పుస్తకమున వ్రాసి యుంచుట చదువరులకు కష్టము కాదు. వ్యావహారిక భాషకై పోరాడిన పంతులుగారు పుట్టిన జిల్లాలో ఈ మాటలు ఎవరును వ్రాయకుండ పోవుట చిత్రమే యగును. ఆ పుస్తకముననే ప్రతి ఆవమునకు ఏ చెఱువు మట్టి, ఏ కట్టె, గాలి ఎటు, ఎన్ని పేర్చిరి, ఎన్ని నిలిచినవి అని వ్రాసికొనుచు పోవచ్చును.

తొలి ఆవమునకు మాఘ ఫాల్గుణములు తగిన కాలము. అప్పటికి చెఱువులు తగ్గి మట్టి చేతికి దొరకును, వానభయ ముండదు. పంచాయతి అనుమతితో మట్టి తీసి, గడ్డివాములకు, పూరిండ్లకు దూరముగా స్థలము చూచుకొని, నీళ్ళబాన ప్రక్కన ఉంచుకొనవలెను. ఇరువది ముప్పది చిన్న పాత్రలకన్న ఎక్కువ పెట్టరాదు. మఱునాడు పైబూడిద చల్లారెనని తొందరపడి తీసినచో చల్లగాలికి చిట్లును. చేయి పెట్టిన వెచ్చగా మాత్రము తోచువఱకు ఆగి, ఒక్కొక్కటి తీసి, వ్రేలితో మీటి చూడవలెను. ఖంగున మ్రోగినది నీటికి పనికివచ్చును. మందముగా పలికిన దానిలో రాత్రి నీరు పోసి యుంచి, తెల్లవారి అడుగు మెత్తబడినదేమో చూచుకొనవలెను. మెత్తబడనిది మఱు ఆవమునకు పోవును. చిట్లిన వానిని మాత్రము పారవేయక ప్రక్కన పేర్చిపెట్టుకొందురు. రాబోవు ఆవమునకు పైకప్పు వేయుటకు అవి కావలసియుండును.