పసిబిడ్డ తొలి జబ్లా

(సొసైటీ వార్షిక సమావేశంలో కుట్టు కేంద్రం తరపున చేసిన ప్రసంగ పాఠం)



సభాధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎప్పటిలాగే వెనక వరుసలో కూర్చుని ముందు వరుసకంటే ఎక్కువ ఇచ్చే దాతలకు, మా అక్కచెల్లెళ్లకు మా సలాములు.

కుట్టు కేంద్రం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. జమాఖర్చులు కార్యదర్శి గారు ఇంతకుముందే చదివారు. ఆ లెక్కల్లో "పసిపిల్లల బట్టలు" అని ఒక పద్దు ఉంది. మేము చెప్పబోయేదంతా ఆ ఒక్క పద్దు గురించే. మాది బళ్లో లెక్కలు చెప్పే ఉద్యోగం. మిషన్ ముందు కూర్చున్నాక మళ్లీ పాఠం నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ పాఠం మీ డబ్బుతో నేర్చుకున్నాం కాబట్టి మీకు చెప్పుకోవడం మా బాధ్యత.

ముందుగా మా తప్పు చెబుతాం. కేంద్రం పెట్టిన తొలి ఏడు, రంజాన్ ముందు, పేద ఇళ్లలో పుట్టిన బిడ్డలకు బట్టలు కుట్టి ఇద్దామనుకున్నాం. బజారుకెళ్లి మెరిసే శాటిన్ గుడ్డ, నెట్టు, జరీ లేసు తెచ్చాం. నడుముకి ఎలాస్టిక్ వేసి, మెడకి కుచ్చులు పెట్టి గౌన్లు కుట్టాం. పంచిన రోజు ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. మీలో చాలామంది మెచ్చుకున్నారు కూడా.

నాలుగో రోజు ఒక తల్లి ఆ గౌను ఉతికి, మడతపెట్టి తెచ్చి మా బల్ల మీద పెట్టింది. బిడ్డ మెడ చుట్టూ ఎర్రగా కమిలింది. నడుము మీద ఎలాస్టిక్ అచ్చు పడింది. ఆ పిల్ల మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "టీచరమ్మా, ఫోటోకి వేశామండీ. ఇంటికెళ్లాక వాళ్ల నాన్న పాత లుంగీ ముక్కలోనే పడుకోబెట్టాం. ఇది ఇంకెవరికైనా ఇవ్వండి" అంది. తిడితే బాగుండేది అనిపించింది. మేము బిడ్డ కోసం కుట్టలేదు, చూసేవాళ్ల కోసం కుట్టాం.

ఆ రోజు కేంద్రంలో డెబ్బై దాటిన ఒక పెద్దామె ఉన్నారు. అందరం నానీమా అంటాం. ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఇంటికెళ్లి, ట్రంకు పెట్టెలోంచి ఒక చిన్న మూట తెచ్చారు. అందులో ఆవిడ పిల్లలు తొడుక్కున్న జబ్లా ఉంది. మన ఇళ్లలో జబ్లా అంటాం, పక్కింటివాళ్లు జుబ్బా అంటారు. బట్ట ఒకటే. తెల్లటి మల్ మల్ గుడ్డ, ఉతికి ఉతికి వెన్నలా అయింది. ముందువైపు పూర్తిగా తెరిచి ఉంది. బొత్తాల్లేవు, పక్కన రెండు పొట్టి నాడాలు మాత్రమే. భుజం మీద కుట్టు లేదు. చేతులు విడిగా కత్తిరించి అతికించలేదు, ఒంటితోపాటే ఒకే గుడ్డలో వచ్చాయి. కుట్టు అంచులన్నీ లోపలికి కాక బయటికి ఉన్నాయి. "అంచు బయటికి ఎందుకు నానీమా, తిరగేసి కుట్టారా?" అని మాలో ఒకమ్మాయి నవ్వింది. "బయట చూసేవాళ్లకి గుచ్చుకోదు కదా బేటీ!" అన్నారావిడ.

ఆ జబ్లాని న్యూస్ పేపర్ మీద పరిచి గీత గీసుకున్నాం. కొలతలు అడిగితే ఆవిడ "పొడుగు జానెడు మీద మూడు వేళ్లు, వెడల్పు జానెడు, చెయ్యి బెత్తెడు కంటే కాస్త ఎక్కువ" అన్నారు. ఆవిడ జాన మీద టేపు పెట్టి చూసి, దాన్ని అంగుళాల్లోకి మార్చాం. పొడుగు పదకొండు, వెడల్పు తొమ్మిది, చెయ్యి నాలుగు వచ్చింది. మీటరున్నర గుడ్డలో నాలుగు జబ్లాలు వస్తాయి. మిగిలిన ముక్కల్లో టోపీలు వస్తాయి.

తర్వాత ఈ కాలపు ప్యాటర్న్లు కూడా చూద్దామనుకున్నాం. మా అమ్మాయిలు ఫోన్లో దించుకుని, ప్రింటు తీయించి తెచ్చారు. కత్తిరించి కుట్టాక చూస్తే అది బిడ్డకు కాదు, బొమ్మకు సరిపోయేలా ఉంది. ప్రింటు తీసినచోట కాగితంలో ఇమడడానికి బొమ్మను కాస్త కుదించారు. ప్యాటర్న్ మూలన ఒక చిన్న చతురస్రం ఉంటుంది. ప్రింటు తీశాక దాన్ని స్కేలుతో కొలిచి, రాసిన కొలత సరిగ్గా వచ్చిందో లేదో చూసుకున్నాకే కత్తెర పట్టాలి. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు స్కేలు, నిష్పత్తి చెబుతున్నాం. మేమే ఆ చతురస్రాన్ని కొలవలేదు. ఆ గుడ్డ ఖర్చు కూడా మీదే, మన్నించాలి.

సైజుల వారీ కాగితపు ప్యాటర్న్ పుట్టడం వెనక కూడా ఒక పసివాడి గౌనే ఉందని చెబుతారు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఎబెనెజర్ బట్టరిక్ అనే దర్జీ ఉండేవాడు. ఆయన భార్య ఎలెన్ కొడుక్కి గౌను కత్తిరించబోతూ, అసలు బిడ్డ సైజుకే ప్యాటర్న్ దొరికితే ఎంత సుఖం అందట. 1863లో ఆ దంపతులు సైజుల వారీ ప్యాటర్న్లు అమ్మకానికి పెట్టారు. నానీమాకి ఆ సంగతి తెలియదు. ఆవిడ ప్యాటర్న్ ఆవిడ చేతి వేళ్లలో ఉంది. రెండూ మాకు కావాల్సి వచ్చాయి. ఎందుకో చెబుతాం.

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 33 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది. ఛాతీ దానికంటే రెండు సెంటీమీటర్లు తక్కువ. అంటే పసిబిడ్డకు ఒళ్లంతటికీ తలే పెద్దది. పైగా మెడ నిలబడదు. పెద్దవాళ్ల బనీనులా తల మీంచి తొడగాలంటే మెడ సాగాలి, లేదా వెడల్పుగా ఉండాలి. వెడల్పుగా ఉంటే తొడిగాక భుజం మీంచి జారిపోతుంది. ఈ ఒక్క చిక్కుకి పాతకాలం ఒక జవాబు చెప్పింది, కొత్తకాలం ఇంకొకటి చెప్పింది.

పాత జవాబు జబ్లా. ముందు తెరిచి ఉంటుంది, కాబట్టి తల జోలికే వెళ్లదు. బిడ్డను దాని మీద పడుకోబెట్టి, ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి దూర్చి, పక్కన ముడి వేస్తే చాలు. చంక దగ్గర విడి కుట్టు లేదు కాబట్టి ఒరుసుకోదు. నెల తిరిగి బిడ్డ కాస్త ఒళ్లు చేసినా, ముడి వదులు చేస్తే ఇంకా పడుతుంది.

కొత్త జవాబు వన్సీ. హోజరీ గుడ్డ సాగుతుంది. భుజాల దగ్గర ముందు ముక్క మీద వెనక ముక్క ఒకదాని మీద ఒకటి పడేలా కుడతారు. అందువల్ల మెడ కావలసినంత తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. బిడ్డ బట్ట పాడుచేస్తే తల మీంచి లాగక్కర్లేదు, భుజాల మీంచి కాళ్ల వైపుకి దించేయొచ్చు. కింద టిచ్ బటన్లు ఉంటాయి. ఆ భుజం మడత ఉన్నది అందం కోసమే అని చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

అందుకని మా కేంద్రంలో ఇప్పుడు ఇలా కుడుతున్నాం. మొదటి రెండు నెలలకు నానీమా జబ్లా. మెడ నిలబడ్డాక వన్సీ. పసిబిడ్డ బరువు అయిదు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. కాబట్టి ఒకే సైజువి అయిదు ఇవ్వడం కంటే మూడు సైజుల్లో ఇవ్వడం మేలు.

కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఇళ్లలో కుట్టుకునే అక్కచెల్లెళ్లకు పనికొస్తాయి కాబట్టి ఇక్కడ చెబుతున్నాం. కొత్త గుడ్డను ముందు తడిపి, గంజి వదిలేదాకా ఉతికి, ఆరాకే కత్తిరించాలి. లేకపోతే కుట్టాక కుంచించుకుపోతుంది. మల్ మల్‌కు తొమ్మిది లేదా పదకొండు నెంబరు సూది చాలు, పెద్ద సూది పెడితే చిల్లులు పడతాయి. మెడకి నాడా పెట్టకూడదు, అది బిగుసుకునే ప్రమాదం ఉంది. పక్కనే పెట్టాలి, ముడికి సరిపోయేంతే ఉండాలి. పసిబిడ్డ బట్టకు కుట్టిన బొత్తాలు, పూసలు, చమ్కీలు వద్దు, ఊడితే నోట్లోకే పోతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది చేతి సంచుల సంగతి. గీరుకోకుండా బిడ్డ చేతికి తొడుగుతాం కదా, వాటి లోపల వేలాడే దారం ఒక్కటి ఉన్నా అది వేలికి చుట్టుకుని రక్తం ఆడకుండా చేస్తుంది. బయటికి కనపడదు. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో తల్లికి తెలియదు. అందుకని ప్రతి సంచినీ తిరగేసి, లోపలి దారాలు కత్తిరించి, ఇద్దరు చూశాకే బయటికి పంపుతున్నాం.

మన ఇళ్లలో పుట్టిన బిడ్డకు మొదట పాత బట్టే చుట్టాలంటారు. పుట్టకముందు కొత్తవి కుట్టకూడదంటారు. చదువుకున్నవాళ్లం కదా, ఒకప్పుడు ఈ మాట కొట్టిపారేసేవాళ్లం. కానీ ఎన్నో ఉతుకులు చూసిన నూలు గుడ్డలో గంజి ఉండదు, గరుకుదనం ఉండదు. మన కోస్తా ఎండల్లో చెమట పీలుస్తుంది. శుభ్రంగా ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసిన పాత బట్టకు మించింది లేదు. ఆ మాటలోని భయం వదిలేసి బట్టను మాత్రం ఉంచుకున్నాం.

కిందటేడు ఆసుపత్రిలో నవజాత శిశువుల వార్డు చూసే ఒక నర్సమ్మ మా దగ్గరికి వచ్చింది. నెలలు నిండకుండా, రెండున్నర కిలోల కంటే బాగా తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు సరిపోయే బట్టలు బజారులో దొరకడం లేదని చెప్పింది. ఆ పిల్లలను తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం ఆనించి పడుకోబెడతారు. కంగారూ మదర్ కేర్ అంటారు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే డాక్టరు, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో దీన్ని మొదలుపెట్టారు. తల్లి ఒంటి వేడే బిడ్డను కాపాడుతుంది. అప్పుడు బిడ్డకు టోపీ, లంగోటీ, కాళ్లకు సాక్సు, వేస్తే గిస్తే ముందువైపు తెరిచిన చొక్కా ఉండాలి. ఛాతీ తల్లికి ఆనాలి కదా.

నర్సమ్మ కాగితం మీద ఆ చొక్కా బొమ్మ గీసింది. మేము నానీమా వంక చూశాం. అది ఆవిడ ట్రంకు పెట్టెలోని జబ్లాయే. సైజు మాత్రం ఇంకా చిన్నది. నర్సమ్మ ఇచ్చిన కొలతలతో మూడు చిన్న సైజుల్లో ప్యాటర్న్ గీశాం. పోస్టు కార్డు కంటే కాస్త పెద్దగా ఉండే వెనక ముక్కను చేతిలో పట్టుకుని మా అమ్మాయిలు కాసేపు మిషన్ తొక్కలేకపోయారు.

ఇక మీరు అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి ముగిస్తాం.

మొదటిది: బజారులో ఇంతకంటే చవగ్గా రెడీమేడ్ దొరుకుతుంటే కుట్టించడం దేనికి? న్యాయమైన ప్రశ్న. పెద్ద సైజుల్లో మంచి నూలువి చవగ్గా దొరికితే మేమూ కొనే ఇస్తాం, అందులో పంతం లేదు. కానీ ఆ చిన్న సైజులు మాకు దొరకలేదు. ఇంకోటి, ఈ బట్టలు కుట్టేవాళ్లలో భర్త పోయినవాళ్లు, ఇల్లు కదల్లేనివాళ్లు ఉన్నారు. వాళ్లకు జబ్లాకి ఇంత అని కూలి ఇస్తున్నాం. "పుణ్యకార్యం కదా, కూలెందుకు" అని ఒకరన్నారు. పుణ్యం మనకి, పస్తు వాళ్లకి అయితే అది ఏం లెక్క? దయచేసి కూలి పద్దు తగ్గించమని అడగొద్దు.

రెండోది: బట్ట మీద దాత పేరు అచ్చు వేయించవచ్చు కదా? అడిగినవారు మంచి మనసుతోనే అడిగారు. మేము కుదరదన్నాం, ఇప్పుడూ అదే అంటున్నాం. మీ పేరు ఈ సంచికలో ఉంటుంది, రసీదు మీద ఉంటుంది. బిడ్డ ఒంటి మీద వద్దు. ఆ బిడ్డ రేపు పెరిగి పెద్దదై తన చిన్నప్పటి జబ్లా చూసుకుంటే, అందులో తల్లి చేతి ముడి కనపడాలి గానీ మన పేరు కనపడకూడదు. కుడి చెయ్యి ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదన్నది మన పెద్దలు మనకు నేర్పిన మర్యాదే.

మీ నుంచి కోరేది ఇది. ఇంట్లో వాడి మెత్తబడ్డ నూలు లుంగీలు, పంచెలు, చీరలు ఉంటే చిరిగినచోటు తీసేసి, ఉతికి పంపండి. పాలిస్టర్ వద్దు. మంగళగిరి, చీరాల నేత గుడ్డయితే మరీ సంతోషం. డబ్బు ఇచ్చేవాళ్లు దారానికీ కూలికీ ఇవ్వండి, లేసుకి ఇవ్వొద్దు. ఇచ్చే ముందు ఆ గుడ్డను ఒక్కసారి మీ చెంపకు ఆనించి చూడండి. మీ మనవడికి వేస్తారా అని అడుక్కోండి. వేస్తామనిపిస్తేనే పంపండి.

ఆ తొలి ఏటి గౌను తిరిగి తెచ్చిన తల్లికి ఈమధ్య రెండో కాన్పయింది. రెండు జబ్లాలు పంపాం. వారం తర్వాత తానే వచ్చింది. మేము భయపడుతూనే చూశాం. చేతిలో మడతపెట్టిన బట్ట లేదు, మాటల్లో ఫిర్యాదు లేదు. "ఇంకో రెండు ఉంటే ఇస్తారా టీచరమ్మా? ఉతికినవి ఆరేలోపు వేయడానికి ఉండడం లేదు" అంది.

మాకు అందిన బహుమతుల్లో అది పెద్దది. దాన్ని మీకు అందజేస్తున్నాం.