పదో తరగతి పాసయితే చాలా?



ఇది ఏ ఊళ్లోనైనా జరిగే సంగతే. పత్తి చేనుకి పురుగు పట్టింది. తండ్రి మందు డబ్బా తెచ్చాడు. పదో తరగతి చదివే కూతుర్ని పిలిచాడు. "ఎంత కలపాలో చూడమ్మా" అన్నాడు.

పిల్ల డబ్బా మీద ఉన్నదంతా గడగడా చదివింది. ఎకరాకు 200 మిల్లీలీటర్లు అని ఉంది. వాళ్లు ఎకరాకు పది ట్యాంకులు కొడతారు. మరి ఒక ట్యాంకుకి ఎంత? పిల్ల తెల్లముఖం వేసింది. "ఈ లెక్క మా పుస్తకంలో లేదు నాన్నా" అంది.

తల్లి రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. వేళ్ల మీద లెక్కపెట్టి, 20 అని చెప్పింది. డబ్బా మీద ఎర్ర గుర్తు కూడా చూపించింది. ఎరుపంటే అన్నిటికన్నా ఎక్కువ విషం.

పిల్ల తెలివితక్కువది కాదు. భాగహారం వచ్చు. ఇక్కడ భాగించాలని తోచలేదు, అంతే. బడిలో గైడు చూసి జవాబులు బట్టీ పట్టించారు. పట్టింది. మార్కులు బాగానే వచ్చాయి.

ఈ చదువుతో బయటి దేశాల పిల్లలతో పోటీ పడగలరా? చాలా దేశాల్లో 15 ఏళ్ల పిల్లలకి పీసా అనే పరీక్ష పెడతారు. అందులో పాఠం అప్పజెప్పమనరు. ఒక పట్టికో, ప్రకటనో ఇస్తారు. చదివి, ఆలోచించి జవాబు రాయాలి. 2009 పీసాలో మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు రాశారు. రెండు రాష్ట్రాలూ దాదాపు అట్టడుగున నిలిచాయి. చైనాలోని షాంఘై నగరం మొదట నిలిచింది. ప్రశ్నలు మన పిల్లలకి తగినట్టు లేవని ప్రభుత్వం అంది. 2012 పరీక్షకి మన దేశం వెళ్లనేలేదు. అద్దం బాగాలేదని ముఖం చూసుకోవడం మానేసినట్టయింది!

పోటీ అంటే అమెరికా వెళ్లడం ఒక్కటే కాదు. పోటీ మన గడప దాకా వచ్చింది. పెనుకొండ దగ్గర కొరియావాళ్ల కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అలాంటి చోట కాగితం చదివి, అర్థం చేసుకుని మిషను నడపాలి. గైడులో జవాబు అక్కడ పనికిరాదు.

ఇంకో సంగతి ఉంది. విద్యాహక్కు చట్టం 2010లో అమల్లోకి వచ్చింది. అది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే. అంటే ఎనిమిదో తరగతి దాకా. తొమ్మిది, పది తరగతులకి ఆ హక్కు లేదు. "చదివింది చాల్లే" అని ఆడపిల్లని పత్తి ఏరడానికి పంపేది సరిగ్గా అప్పుడే.

ఆ చట్టం ప్రకారం బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చాలా చోట్ల పేరు భార్యది, మాట భర్తది! కమిటీ కూర్చున్నప్పుడు మార్కులెన్ని అని అడిగి ఊరుకుంటే ఎలా? లెక్కల మాస్టారు ఏడాదంతా ఉన్నారా? సైన్సు గది తాళం తీశారా? పిల్ల నోటుబుక్కులో సొంతంగా రాసిన జవాబు ఒక్కటైనా ఉందా? ఇవి అడగడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.

ఆ తల్లి డబ్బా మీది అంకెలు ఒక కాగితం మీద రాసుకుంది. కమిటీ రోజున ఆ కాగితం హెడ్‌మాస్టారి బల్ల మీద పెట్టింది. "ఇలాంటి లెక్కలు కూడా చెప్పించండి సారూ" అంది.