చెట్టుకూ సెలవు కావాలి
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటే బాగా తెలిసినవారు మాట్లాడారు. మామిడి పూత గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నేను శాస్త్రవేత్తను కాను. రెవెన్యూ కచేరీలో 34 ఏళ్లు గుమాస్తాగా పనిచేసి, ఇప్పుడు కోడూరు దగ్గర మూడెకరాల బేనిషాన్ తోట చూసుకుంటున్నవాణ్ణి. చదివి, అడిగి, చెట్ల కింద తిరిగి తెలుసుకున్నది మీ ముందుంచుతాను. మనలో చాలామంది గ్రాట్యుటీ డబ్బు తోటల్లో పెట్టాము. రెండేళ్లు పూత సరిగా రాకపోయేసరికి, చెట్లు కొట్టించి ప్లాట్లు వేద్దామా అని పిల్లలు అడుగుతున్నారు. కనుక ఇది మన ఇంటి విషయమే.

ముందు చల్లని దేశాల చెట్టు సంగతి చూద్దాం. ఆపిల్ చెట్టు శీతాకాలం రాగానే ఆకు రాల్చి నిద్రపోతుంది. మధ్యలో ఒకరోజు ఎండ కాసినంత మాత్రాన మేలుకోదు. సుమారు 7 డిగ్రీల లోపు చలి ఎన్ని గంటలు పడిందో లెక్కపెట్టుకుంటుంది. కాశ్మీరు, హిమాచల్ పాత రకాలకు వెయ్యి గంటల పైచిలుకు కావాలి. మన సర్వీసు రిజిస్టరులో అర్జిత సెలవు జమ అయినట్లు అక్కడ చలి జమ కావాలన్నమాట. లెక్క తక్కువైతే కొన్ని మొగ్గలు విచ్చుతాయి, కొన్ని మొద్దుబారి ఉండిపోతాయి, కాపు దెబ్బతింటుంది. చలికాలాలు వెచ్చబడడంతో హిమాచల్‌లో ఆపిల్ తోటలు కులూ లోయ దిగువ నుండి లాహౌల్-స్పితి వంటి ఎత్తు ప్రదేశాలకు పాకుతున్నాయి. ఇంకొక దారి, తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలు. బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ గారు రూపొందించిన హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 అటువంటిదే. ఆయనకు 2025లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ రకంతోనే తెలంగాణలోని ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో 2020 నాటికి ఆపిల్ కాయించారు.

మరి మన మామిడికి చలితో ఏం పని? ఇది ఆకు రాల్చే చెట్టు కాదు, ఆపిల్ లాగా గాఢనిద్రా పోదు. కానీ దీనికీ విశ్రాంతి కావాలి. కోత అయిన తర్వాత వచ్చిన కొమ్మ నాలుగైదు నెలలు ముదరాలి. ఆపైన రాత్రులు 15 డిగ్రీల దగ్గరకు దిగి కొన్ని వారాలు నిలిస్తే, ఆకులో పుట్టిన సంకేతం మొగ్గకు చేరి అది పూతకు తిరుగుతుంది. రాత్రులు 25 డిగ్రీల దగ్గరే ఉంటే అదే మొగ్గ చిగురు వేస్తుంది. మన సీమలో డిసెంబరు, జనవరి రాత్రులు ఈ రెంటికీ మధ్యన ఉంటాయి. అంటే మనం గట్టు మీద నడుస్తున్నవాళ్లం. ఒకటి రెండు డిగ్రీల తేడా కూడా మనకు తేడాయే. 1901 నుండి 2018 లోపల దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో తన నివేదికలో చెప్పింది.

అయితే చలి అంతంతమాత్రమైన ఈ సీమలో ఇన్ని తరాలుగా మామిడి ఎట్లా కాసింది? ఇక్కడే అసలు కిటుకు ఉంది. మన చెట్టుకు సగం విశ్రాంతి చలి ఇస్తే, మిగతా సగం బెట్ట ఇచ్చింది. పులివెందుల చీనీ రైతును అడగండి. కొన్ని వారాలు నీళ్లు ఆపి, ఆకు వాడిన తర్వాత ఎరువు వేసి తడి పెడతాడు. తోట తెల్లగా పూస్తుంది. చలి చేసే పనిని అక్కడ దప్పిక చేస్తున్నది. కరువు సీమ అని మనల్ని అందరూ జాలిపడతారు గానీ, ఈ ఒక్క విషయంలో ఎండు నేల మనకు ఉపకారమే చేసింది.

ఇప్పుడు ఆ రెండో సగానికీ అడ్డు వస్తున్నది. 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజులు మీకు గుర్తే. పోయిన ప్రాణాల ముందు తోట నష్టం ఎంచతగినది కాదు. కానీ అటువంటి కాలంకాని వానలకు నేల ఆరదు, చెట్టు నిద్రకు పోదు. ఆ ఏడు మా తోటలో సంక్రాంతికి పూత ఉండవలసిన కొమ్మల మీద ఎర్రని చిగురు కనిపించింది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది, గుత్తకు తీసుకునే వ్యాపారి మాత్రం ఆ కొమ్మలు చూసి మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఇక చేయగలిగినవి. కోత కాగానే జూన్, జూలైలలో ఎండు కొమ్మలు, గుబురు తీసి ఎరువు వేయాలి. అప్పుడే కొత్త కొమ్మ చలి నాటికి ముదురుతుంది. వానలు వెనకబడ్డాక నత్రజని వేయరాదు. పూతకు రెండు మూడు నెలల ముందు నీరు ఆపి, పిందె బఠాణీ గింజంత అయిన తర్వాతే మళ్లీ కట్టాలి. డ్రిప్పు ఉంది కదా అని చెట్టుకు ఏడాది పొడుగునా నీళ్లు పోయడం ప్రేమ కాదు. పొటాషియం నైట్రేటు లీటరుకు 10 గ్రాములు కలిపి కొట్టడం ముదిరిన మొగ్గను లేపడానికే. లేత కొమ్మ మీద అది పనిచేయదు. కల్టార్ మందు పూత తెప్పించే మాట నిజమే. కానీ అది భూమిలో చాలాకాలం నిలుస్తుంది, మోతాదు మించితే చెట్టు కురచబారుతుంది. దుకాణదారు మాట మీద కాక, అనంతరాజుపేట ఉద్యాన పరిశోధన స్థానం వారి సలహా మీదనే వాడండి.

పూత రాని ప్రతి ఏడూ వాతావరణం తప్పే కాదు. ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గడం మామిడికి సహజం. తేనెమంచు పురుగు, బూడిద తెగులు పూతను మాడ్చవచ్చు. ఏది కారణమో తెలియకుండా 40 ఏళ్ల చెట్టు మీద గొడ్డలి వేయకండని పిల్లలకు చెప్పండి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడి మన సీమ పేరు మోస్తున్న పండు.

చివరగా ఒక మనవి. జీవితమంతా రిజిస్టర్లు రాసిన చేతులు మనవి. తోట ఉన్న ప్రతి సభ్యుడూ ఒక నోటుబుక్కు పెట్టండి. నవంబరు నుండి ఫిబ్రవరి దాకా రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత, వాన పడిన తేదీ, మొదటి పూత తేదీ, చిగురు వచ్చిన తేదీ రాయండి. ఐదేళ్ల లెక్క చేతిలో ఉంటే ఏ రకం నిలుస్తుందో, ఎప్పుడు నీరు ఆపాలో ఊహించి చెప్పుకోనక్కరలేదు. సంఘం తరఫున వాటిని ఒకచోట కూర్చి పరిశోధన స్థానానికి అందజేద్దాం. మొదటి పుస్తకం నాదే, ఈ నవంబరు నుండి రాయడం మొదలుపెడుతున్నాను.